కాఫీ గింజ – వేపుడు పాకం



బంగారం, పాలు, పట్టు – ఈ మూడింటికీ కోలారు జిల్లా పెట్టింది పేరు. కాఫీ మాత్రం చిక్కమగళూరు, కొడగు, హాసన్ కొండల పంట. అయినా తెల్లవారితే కాఫీ లేనిదే మన ఇళ్ళలో పొద్దు గడవదు. 2001 ఫిబ్రవరి 28న కె.జి.ఎఫ్. గనులు మూతపడ్డాక మారికుప్పం, బంగారుపేటల నుంచి వేలమంది రైలెక్కి బెంగుళూరుకు పనులకు వెళ్ళివస్తున్నారు. అక్కడి పెద్ద కాఫీ దుకాణాలలో బోర్డు మీద లైట్ రోస్ట్, మీడియం రోస్ట్, డార్క్ రోస్ట్ అని పేర్లుంటాయి. ఆ పేర్ల వెనుక సంగతి ఏమిటో ఈ పూట చెప్పుకుందాం.

బంగారం కరగాలంటే 1064 డిగ్రీల వేడి కావాలి. కరిగించినా మేలిమి బంగారం తూకం తగ్గదు. కాఫీ గింజ అలా కాదు. పచ్చిగింజలో నూటికి పది పన్నెండు పాళ్ళు తేమ ఉంటుంది. దానికి కాఫీ వాసనే ఉండదు. వేడి తగిలేకొద్దీ గింజ పసుపుబారుతుంది, ఆ తరువాత గోధుమరంగుకు తిరుగుతుంది. సుమారు 200 డిగ్రీల దగ్గర లోపలి ఆవిరి ఒత్తిడికి చిటపటమంటుంది. దీన్నే మొదటి చిటుకు అంటారు. ఆ తరువాత కాసేపటికే దించితే లైట్ రోస్ట్. ఇంకొంత సేపు ఉంచితే మీడియం. 225 డిగ్రీల ప్రాంతంలో రెండవ చిటుకు వినిపిస్తుంది. అక్కడి నుంచి డార్క్. అప్పటికి గింజ నల్లబడి, పైకి నూనె తేలుతుంది. పచ్చిగింజ తూకంలో ఐదోవంతు దాకా తరిగిపోవచ్చు.

శనక్కాయలు వేయించిన ప్రతి ఇల్లాలికీ ఈ పాకాలు తెలిసినవే. దోరగా వేగితే పప్పు రుచి తెలుస్తుంది. మాడితే మాడు రుచే మిగులుతుంది. ఏ చేలో పండిన కాయో ఎవరూ చెప్పలేరు. కాఫీలోనూ అంతే. లైట్ రోస్టులో పుల్లదనం, పండ్ల వాసన, పండిన నేల గుణం కనబడతాయి. మీడియంలో పులుపు తగ్గి తీపిఛాయ వస్తుంది. డార్క్‌లో చేదు, పొగవాసన పైచేయి అవుతాయి.

మరి పెద్ద దుకాణాలు ముదురు వేపుడునే ఎక్కువగా ఎందుకు వాడతాయి? మొదటి కారణం, పాలు, చక్కెర కలిపినా కాఫీ రుచి అణగిపోకూడదు. రెండవది, వంద దుకాణాల్లోనూ ఒకే రుచి రావాలి. బాగా వేయిస్తే గింజకూ గింజకూ ఉన్న తేడా మాసిపోతుంది. నాసిరకం గింజ లోపం కూడా ఆ చేదులో దాగగలదు. 1996లో బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే మొదలైంది. 2012లో ముంబైలో స్టార్‌బక్స్ అడుగుపెట్టింది. ముదురు వేపుడుకు పేరుపడిన ఆ సంస్థే అదే ఏడు అమెరికాలో బ్లాండ్ అనే లేతరకాన్ని ప్రవేశపెట్టింది. ఇప్పుడు అరకు అరబికా వంటి మేలురకాలను లేతగా, నడిమిగా వేయించి, తోట గుణం తెలిసేలా అమ్మేవారు పెరిగారు.

నల్లగా ఉంటే కాఫీ ఘాటు ఎక్కువ అని చాలామంది నమ్మకం. అది సరికాదు. వేపుడువల్ల కెఫీన్ పెద్దగా మారదు. మారేది రుచే.

ఇంటికి పొడి కొనేటప్పుడు కూడా ఇది పనికివస్తుంది. మన డికాక్షన్ కాఫీలో చికోరీ కలపడం వాడుక. చికోరీ కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరు. అది రంగునూ చిక్కదనాన్నీ ఇస్తుంది కాని కెఫీన్ ఇవ్వదు. కనుక డికాక్షన్ నల్లగా దిగిందని కాఫీ ఎక్కువ ఉందనుకోరాదు. చట్టప్రకారం మిశ్రమంలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గకూడదు. ఎంత పాలు ఏది కలిసిందో పొట్లం మీద వేయాలి. డబ్బు ఇచ్చేముందు ఆ అంకె చదవండి. పొడి కొట్టే అంగడిలో అయితే గింజ రంగు కంటితో చూసి, చికోరీ ఎంత కలపాలో మీరే చెప్పండి. వారం పదిరోజులకు సరిపడా మాత్రమే కొనండి. పొడి చేసిన కాఫీ వాసన త్వరగా పోతుంది.

లేత, నడిమి, ముదురు – వీటిలో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని లేదు. పాలు పోసుకునేవారికి నడిమి, ముదురు పాకాలు నప్పుతాయి. పాలు లేకుండా తాగేవారు లేత వేపుడు ఒకసారి రుచి చూడవచ్చు. పేరు ఇంగ్లీషులో ఉందని జంకకుండా, ధర ఎక్కువని మురిసిపోకుండా, మన నాలుకకు ఏది హితమో తెలిసి అడిగితే చాలు.