పడవమోకులోని రసాయనము



ఒకనాడు వాడరేవు ఇసుకపై నడచుచుండగా వృద్ధుడగు జాలరి యొకడు నాకొక పాత మోకుముక్కను చూపెను. "అయ్యా, మా తాతలనాటి జనపనార మోకు తడికి చివికి మన్నయ్యెడిది. ఇది ఇసుకలో పూడియున్నను చివుకదు. దేనితో చేసినారండీ?" అని యడిగెను. "వాయువుతో" నంటిని. అతడు నవ్వెను. అది పరిహాసము కాదని నేడు మనవి చేయుచున్నాను.

మీ మనుమలు ఉన్నత పాఠశాలలో ఆల్కీనులను గూర్చి చదువుదురు. కర్బనము, ఉదజని మాత్రమే కలసిన పదార్థములలో ఇదియొక కుటుంబము. కర్బన పరమాణువునకు నాలుగు చేతులున్నవనుకొందము. కుటుంబమున మొదటిదైన ఇథిలీను వాయువునందు రెండు కర్బనములు రెండేసి చేతులతో ఒండొంటిని పట్టుకొని, మిగిలిన చేతులతో నాలుగు ఉదజనులను పట్టియుండును. ఆ జంటపట్టునే ద్విబంధమందురు. తరువాతిది ప్రొపిలీను: మూడు కర్బనములు, ఆరు ఉదజనులు.

ఇథిలీను మనకు పరాయిది కాదు. పచ్చి అరటికాయల నడుమ పండొకటి యుంచి మూసిన, తక్కినవియు త్వరగా పండును. ఆ పండు విడుచు ఇథిలీనే అందుకు కారణము.

ద్విబంధమున ఒక పట్టు సులభముగా వీడును. వీడిన చేయి ఊరకుండక వేరొకదానిని పట్టును. నారింజవన్నె బ్రోమిను నీటిలోనికి ఇథిలీనును పంపిన, అది బ్రోమినును పట్టుకొని రంగును పోగొట్టును. ఆల్కీనును గుర్తించు పరీక్ష ఇదియే. వేలకొలది ఇథిలీను అణువులు ఇట్లే చేయిచేయి పట్టి గొలుసైన, అది పాలిథీను. 1933లో ఇంగ్లండున నార్త్‌విచ్ వద్ద గిబ్సన్, ఫాసెట్ అను రసాయనజ్ఞులు దీనిని కనుగొనిరి. ప్రొపిలీను గొలుసును 1954లో ఇటలీదేశీయుడగు నట్టా సిద్ధపరచెను. నేటి పడవమోకులు పెక్కు ఈ గొలుసులే.

గొలుసైన పిదప అణువులలోని ద్విబంధములు తీరిపోవును, ఖాళీచేయి యుండదు. నీరు దానిని కరగింపదు. మంటిలోని సూక్ష్మజీవులకు అది సులభముగా లొంగదు. ఎండకు చిట్లి తునకలగునే గాని మన్ను కాదు. మోకునకు బలమిచ్చిన గుణమే సముద్రమునకు బరువయ్యెను. గ్రుడ్లు పెట్టుటకై మన తీరమునకు వచ్చు తాబేళ్ళకు తెగిన త్రాళ్ళు, వలలు ఉరులగును.

ఇంతయు విని ఆ వృద్ధుడు, "అయితే దీనికి చావు లేదన్నమాట" అనెను. "మన కాలములో లేదు, తాతా. కావున తెగినదానిని నీటిలో విడువక గట్టునకు తెచ్చుటయే మన పని" యంటిని. అతడు మారుపలుకక ఆ ముక్కను చుట్టచుట్టి బుట్టలో వేసికొనెను.

మీ మనుమలు ద్విబంధమును గూర్చి అడిగినప్పుడు ఆ బుట్టను గూర్చియు చెప్పుడు.