ప్రొపెల్లర్లు చివరనే బిగించాలి

నేడు పలువురు విద్యార్థులు విడిభాగాలు సమకూర్చుకొని స్వయంగా డ్రోన్లు నిర్మిస్తున్నారు. ఇది హర్షణీయమే. అయితే నిమిషానికి వేలసార్లు తిరిగే ప్రొపెల్లరు వేలిని ఎముకదాకా కోయగలదు. కంటికి తగిలితే చూపే పోవచ్చును. అందువల్ల దానిని అన్నిటికన్న చివర బిగించడం ఈ విద్యలో ప్రథమ సూత్రం.

మోటార్లు తిరిగే దిశనూ, రిమోట్ సంకేతం తెగిపోతే అవి ఆగే ఏర్పాటునూ ప్రొపెల్లర్లు లేకుండానే బల్లమీద పరీక్షింపవచ్చును. నాలుగు మోటార్ల డ్రోనులో పక్కపక్కనున్నవి పరస్పరం వ్యతిరేక దిశలలో తిరగాలి. ఒక్కటి తప్పినా యంత్రం నేల వీడుతూనే తలక్రిందులవుతుంది. ముందు రిమోట్‌ను పనిచేయించి, తరువాతనే బ్యాటరీని కలపాలి. లేనిచో అకస్మాత్తుగా తిరిగిన మోటారును ఆపే సాధనం ఉండదు. ముగించేటప్పుడు ముందుగా బ్యాటరీనే విప్పాలి.

సాధారణ లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కొక్క సెల్ 4.2 వోల్టులు మించరాదు. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. ఛార్జింగు ముగిసేవరకు మనిషి దగ్గర ఉండాలి.

తొలి ప్రయోగం జనసంచారం లేని మైదానంలో, తక్కువ ఎత్తులో జరగాలి. అది అనుమతి ఉన్న ప్రాంతమేనా అని ముందే విచారించాలి. భారత ప్రభుత్వం 2021లో జారీచేసిన డ్రోన్ నిబంధనల ప్రకారం, 2 కిలోగ్రాములకు మించని డ్రోనును వాణిజ్యేతరంగా ఎగురవేసేవారికి పైలట్ ధ్రువపత్రం అక్కరలేదు. కాబట్టి అడిగి పరీక్షించే అధికారి లేనిచోట ఆ పని విద్యార్థే చేసుకోవాలి. ప్రతి ప్రయోగశాలలోనూ ఈ క్రమాన్ని గోడమీద వ్రాసి ఉంచడం శ్రేయస్కరం.