సలహా చెప్పినవారి బాధ్యత ఎంత?

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్యుని వలన పొరపాటు జరిగితే అడగడానికి న్యాయస్థానం ఉన్నది. 1995లో వి.పి. శాంత కేసు తీర్పుతో రుసుము పుచ్చుకొని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలో చేరింది. వైద్యులు వృత్తి బాధ్యత బీమా తీసుకొనడం మామూలైంది. మరి తాను చికిత్స చేయక, చేసేవారికి ధర్మాధర్మ విచక్షణలో సలహా చెప్పేవారి మాటేమిటి? శ్వాసయంత్రం తొలగించవచ్చునా, స్పృహలేని రోగి పక్షాన ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్నలు వీరి ముందుకు వస్తాయి. వీరిని వైద్యనైతిక సలహాదారులు అనవచ్చును. ఈ వృత్తి ముఖ్యంగా అమెరికాలో పెరిగింది గనుక దాని చిక్కులూ అక్కడే ముందుగా బయటపడ్డాయి.

1976లో కేరెన్ క్విన్లన్ వ్యాజ్యంలో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఒక మార్గం చూపింది. రోగి కోలుకొనే ఆశ లేదని వైద్యులు తేల్చి, ఆసుపత్రి నైతిక సంఘం సమ్మతించినచో, చికిత్స ఉపసంహరణలో పాల్గొన్న ఎవరికీ సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదన్నది. అప్పటికి అటువంటి సంఘాలు బహు అరుదు. బిడ్డ పుట్టకముందే కవచం సిద్ధమైనదన్నమాట! 1987లో మేరీలాండ్ రాష్ట్రం ఆసుపత్రులలో ఇట్టి సలహా సంఘాలు ఉండి తీరాలని శాసించి, సద్భావంతో సలహా ఇచ్చినవారికి రక్షణ కల్పించింది. అన్ని రాష్ట్రాలూ ఆ పని చేయలేదు.

బోస్టన్ నగరంలోని గిల్గన్ కేసు ఈ విషయంలో తప్పక తెలుసుకోదగినది. 71 సంవత్సరాల వృద్ధురాలు కోమాలో ఉన్నది. చేయగలిగినదంతా చేయవలెనన్నదే తన తల్లి కోరిక అని కుమార్తె పట్టుబట్టింది. ఆసుపత్రి సలహా సంఘాధ్యక్షుడైన వైద్యుడు, గుండె ఆగితే పునరుజ్జీవన యత్నం చేయనక్కరలేదని అభిప్రాయమిచ్చారు. 1989లో ఆమె మరణించింది. కుమార్తె ఆసుపత్రితోపాటు, చికిత్స చేసిన వైద్యునిపైనే కాక సలహా ఇచ్చిన సంఘాధ్యక్షునిపైన కూడా దావా వేసింది. 1995లో జ్యూరీ తీర్పు విచిత్రమైనది. రోగి ఆ చికిత్సను కోరియుండేదని ఒప్పుకొన్నది. అయినా అది నిష్ఫలమని భావించి ప్రతివాదులను నిర్దోషులుగా తేల్చింది. వారు గెలిచారు, నిజమే. కాని మరణానికీ తీర్పుకూ నడుమ ఆరేండ్లు గడిచాయి. న్యాయవాది రుసుము గెలిచినవానిని కూడా విడిచిపెట్టదు గదా!

నిర్లక్ష్యం రుజువు కావాలంటే బాధ్యత, దాని ఉల్లంఘన, నష్టం, ఆ రెంటి నడుమ కార్యకారణ సంబంధం కనబడాలి. తుది నిర్ణయం వైద్యునిది గనుక సలహాదారునిపై ఈ చివరిది నిలబెట్టడం కష్టం. అయితే రోగి దస్త్రంలో ఆయన వ్రాసిన అభిప్రాయమే రేపు సాక్ష్యం కావచ్చును. రోగి రహస్యం బయటపెట్టడం వేరొక ప్రమాదం. అక్కడ వైద్యుని చాటున నిలువలేరు.

బీమాలో అసలు కిటుకు మరొకచోట ఉన్నది. ఆసుపత్రి ఉద్యోగిగా సలహా చెప్పినవారికి సాధారణంగా ఆసుపత్రి పాలసీయే రక్ష. బయటినుండి వచ్చి చెప్పినవారికి ఆ నీడ చాలకపోవచ్చును. పాలసీలో 'వృత్తిసేవ' అంటే కేవలం చికిత్స అని వ్రాసియుంటే నైతిక సలహా దాని వెలుపల పడిపోయే అవకాశం ఉన్నది. కొన్ని పాలసీలు, దావా పడిన నాటికి అమలులో ఉంటేనే పనిచేస్తాయి. మానివేసిన రెండేండ్లకు నోటీసు వస్తే, ముందుగా అదనపు ప్రీమియం కట్టి పొడిగించుకొనని వారికి రక్షణ లేదు.

ఇది దూరదేశపు ముచ్చట అనిపించవచ్చును. ఈ దేశంలో ప్రాణాధార చికిత్స నిలుపుదలకు సుప్రీంకోర్టు 2018లో ఏర్పరచి 2023లో సరళం చేసిన వైద్య మండళ్లలో సభ్యులు వైద్యులే. కాని కొత్త మందుల ప్రయోగాలను పరిశీలించే నైతిక సంఘాలలో 2019 నియమాల ప్రకారం ఏడుగురికి తక్కువ కాకుండా సభ్యులుండాలి. వారిలో ఒక న్యాయనిపుణుడు, ఒక మహిళ, ఒక సామాన్య పౌరుడు తప్పనిసరి. ఆ సామాన్య పౌరుని స్థానానికి విశ్రాంత ఉపాధ్యాయులను ఆహ్వానించడం సహజమే. ఈ పాఠశాల గురువులెవరికైనా అట్టి పిలుపు రావచ్చును. గౌరవమని వెంటనే ఒప్పుకొనక, వ్యాజ్యం వస్తే ఖర్చెవరు భరిస్తారో, పదవీకాలం ముగిసిన తరువాత కూడా రక్షణ ఉంటుందో లేదో నియామక పత్రంలో వ్రాయించుకొనాలి. విభేదించిన సందర్భంలో ఆ భిన్నాభిప్రాయాన్ని సమావేశపు మినిట్సులో నమోదు చేయించి, ఒక ప్రతిని తమవద్ద ఉంచుకొనడానికి అనుమతి కూడా ముందే అడగవచ్చును.