మన కుర్రవాడి ప్రశ్న



మొన్న మన కుర్రవాడొకడు, "రజాకార్లు చేసినదానికి కాలేజీలో నన్నడుగుతారేమిటండీ? మా తాత ఈ నల్లపాడు దాటితేగా!" అన్నాడు. నిజమే. 1948లో గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోది, నిజాముది కాదు.

ఆ పాపం నీది కాదు నాయనా అన్నాను. అంతటితో దులుపుకు పోతే ఎట్లా? హైదరాబాదు ఇండియాలో కలవాలని 'ఇమ్రోజ్' పత్రికలో రాసిన షోయబుల్లాఖాన్‌ను ఆ ఆగస్టులో రజాకార్లు చంపారు. ఆయనా ముసల్మానే. సెప్టెంబరు 13న సైన్యం ప్రవేశించింది. ఆ రోజుల్లో, ఆ తరువాత చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ అంచనా. వారిలో ఎక్కువమంది ఏ పాపం ఎరుగని ముస్లింలు. ఆ నివేదికను ప్రభుత్వం చాలా ఏళ్లు బయటపెట్టలేదు.

మన పిల్లలు రెండోదే చెబుతారు, అవతలి పిల్లలు రజాకార్ల సంగతే చెబుతారు. "రెండూ నీ నోటితోనే చెప్పగలవా?" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.