నిర్వాసిత కుటుంబాల మనోవేదన – మన కర్తవ్యం

(విశాఖపట్నంలో సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు మాలో కొందరం కంచరపాలెం మీదుగా వచ్చాము. అక్కడి బర్మా క్యాంపు మనందరికీ తెలిసిన చోటే. ఆ పేరు ఎలా వచ్చిందని అడిగే పిల్లలు మాత్రం ఇప్పుడు కనబడరు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించిన పిమ్మట, అక్కడి రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేస్తున్న మన కోస్తా కూలీలు వేల సంఖ్యలో స్వదేశానికి బయలుదేరారు. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి నడిచారు. ఆ కాలంలో బర్మా నుండి భారతదేశం చేరినవారు నాలుగు లక్షలకు పైమాటే. దారిలో కలరాకు, ఆకలికి రాలిపోయినవారు వేలమంది. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపైనే బాంబులు పడ్డాయి. మరల 1960వ దశకంలో నె విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు ఇంకొక తరం సర్వం వదలి వచ్చింది. బర్మా క్యాంపు వారిదే.

వారికి నివాస స్థలం, చిన్న వ్యాపారానికి అప్పు లభించాయి. మనసు సంగతి ఎవరూ అడగలేదు. అక్కడి ఒక వృద్ధురాలు మాతో అన్నది: "మా నాయన రోజూ రేవు దాకా నడిచి, ఓడలు చూసి వచ్చేవాడు. ఇంట్లో ఎవరితోనూ మాట లేదు. మేము పిచ్చి అనుకున్నాం బాబూ." అది చెప్పేటప్పుడు ఆమెకు ఎనభై ఏళ్లు దాటాయి. ఆమె గొంతు అప్పటికీ వణికింది.

నేడు అదే దేశం నుండి, రఖైన్ ప్రాంతం నుండి, రోహింగ్యా కుటుంబాలు వచ్చాయి. 1982 నాటి పౌరసత్వ చట్టం వారిని సొంత గడ్డపైనే పరాయివారిని చేసింది. 2012లో హింస చెలరేగింది. 2017 ఆగస్టు 25 తరువాత కొద్ది నెలలలోనే ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. హైదరాబాదులో బాలాపూర్, ఆ పరిసరాలలో కొన్ని వేలమంది తలదాచుకుంటున్నారు.

ఇక మా తప్పు చెప్పుకోవాలి. ఒక రంజాన్ మాసంలో బియ్యం, నూనె, బట్టలు సమకూర్చుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బాలాపూర్ వెళ్లాము. ఒక గుడిసెలో తల్లీ, పదేళ్ల కూతురూ ఉన్నారు. తల్లికి ఉర్దూ రాదు. బిడ్డ మాత్రం బస్తీ పిల్లలతో ఆడుకుని దక్కనీ నేర్చింది. "ఏం జరిగిందో చెప్పండి" అని అడిగాము. తల్లి చెబుతోంది, బిడ్డ మనకు తెలిసే మాటల్లోకి మారుస్తోంది. తండ్రి సంగతి వచ్చేసరికి బిడ్డ ఆగిపోయింది. తల్లి చెప్పింది, బిడ్డ నోరు విప్పలేదు. అంతకు ముందు అదే రోజున మరి రెండు బృందాలు వచ్చి అదే ప్రశ్న అడిగాయని, ఒకరు ఫొటోలు కూడా తీశారని పక్క గుడిసెవారు చెప్పారు. మేము మూడవ వారము. బియ్యం ఇచ్చి వచ్చేశాము. ఆ బిడ్డ నాలుగు రాత్రులు నిద్రపోలేదని తరువాత ఫోనులో తెలిసింది.

ఆ తరువాతనే చదవడం మొదలుపెట్టాము. అంతర్జాతీయ సహాయ సంస్థల ఉమ్మడి సంఘం 2007లో వెలువరించిన మార్గదర్శకాలు సహాయాన్ని నాలుగు మెట్లుగా చూపాయి. అన్నిటికంటె అడుగున, అన్నిటికంటె విశాలంగా ఉండేది భద్రత, తిండి, నీరు, నీడ. దానిపైన కుటుంబం, బడి, ప్రార్థన, ఇరుగుపొరుగు. ఆపైన శిక్షణ పొందినవారి ఓపికైన వినికిడి. చిట్టచివర, కొద్దిమందికి మాత్రమే, వైద్యుడు. మేము తలక్రిందులుగా పట్టుకున్నాము. రేకుల కప్పు కారుతున్న ఇంట్లో కూర్చుని గాయం గురించి అడిగాము. జరిగినదంతా బలవంతంగా చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్చరించింది.

ఇప్పుడు ఒక కుటుంబానికి ఒకే మనిషి. బియ్యమైనా, బడిలో చేర్పించడమైనా, ఆసుపత్రి అయినా ఆ మనిషి ద్వారానే. అక్కడ పనిచేసే ఇతర బృందాలతోనూ మాట్లాడి, ఎవరు ఏ ఇంటికో పంచుకున్నాము. ఇందులో కొంత పంతం, కొంత చిన్నబుచ్చుకోవడం కూడా జరిగింది. 'మా కుటుంబాలు' అనే మాట మనవారి నోట తేలికగా వస్తుంది. దుబాసీలుగా పిల్లలను పెట్టము. ఆడవారి వద్దకు ఆడవారే వెళతారు. రెండు భాషలూ వచ్చిన రోహింగ్యా యువతులకు రోజు కూలి ఇచ్చి పిలుస్తాము. ఉచితంగా కాదు, వారిదీ శ్రమే. దిగులుకు వారు వాడే మాట మన 'చింత'కు దగ్గరగానే వినబడుతుంది. అయితే ఎక్కువమంది ఆ మాట కూడా అనరు. తలపోటు, ఒంట్లో మంట, నిద్రలేమి అంటారు.

మాలో పలువురం గుమాస్తాలుగా పదవీ విరమణ చేసినవారము. రిజిస్టరు లేనిదే పని సాగదని నమ్మినవారము. కానీ ఈ రిజిస్టరులో ఏమి రాయకూడదో నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. ఏ దారిన వచ్చారు, ఎవరు తోడు తెచ్చారు, ఇంకా ఎవరెక్కడ ఉన్నారు, ఇవి రాయము. పుస్తకం పొరపాటున ఎవరి చేతిలో పడినా ఒక కుటుంబానికి ముప్పు రాకూడదు.

చట్టం సంగతి. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. అయినా రాజ్యాంగంలోని 21వ అధికరణ పౌరులు కానివారి ప్రాణానికీ రక్షణేనని 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 ఏప్రిల్ 8న అదే న్యాయస్థానం జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల విడుదలకు నిరాకరించింది. చట్టం నిర్దేశించిన పద్ధతి పాటించకుండా వారిని వెనక్కి పంపరాదని మాత్రం అన్నది. ఈ రెండింటి మధ్యనే ఆ కుటుంబాలు రాత్రులు గడుపుతున్నాయి. మనం ఎంత ఓదార్చినా ఆ భయం తీరేది కాదు.

ఒక ఆసుపత్రి కౌంటరు వద్ద ఆధార్ లేదని మావారిని వెనక్కి పంపారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను 'ప్రతి వ్యక్తి' అంటుంది, 'ప్రతి పౌరుడు' అనదు. నిరుపేదలకు, ఇల్లు లేనివారికి కార్డు లేకున్నా ప్రభుత్వ వైద్యం ఉచితమని కూడా అందులోనే ఉంది. ఆ కాగితం ఇప్పుడు మా సంచిలో ఉంటుంది. తరువాత ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకువెళ్లినవారి చేతిలోనూ అదే ఉంది.

మన ఊరిలో పిల్లలకే ఉద్యోగాలు లేవు, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికులే రోడ్డున పడుతున్నారు, దూరపు వారి గోల మనకెందుకని అడిగేవారున్నారు. వారి కష్టం అబద్ధం కాదు. దానికి కూడా మనం సభ పెట్టాలి, పెడతాము. బర్మా క్యాంపు వృద్ధురాలిని మాత్రం ఈ ప్రశ్న అడగలేకపోయాము.

ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళుతోంది. తండ్రి గురించి మేము మళ్లీ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. మొన్న ఫోనులో లెక్కల పుస్తకం కావాలన్నది.

రిజిస్టరులో ఏడు కుటుంబాల ఎదుట బాధ్యుల పేరు ఖాళీగా ఉన్నది. నెలకొకసారి ప్రయాణం, వారానికొక ఫోను. వాటిలో అయిదు ఇళ్లకు మహిళలే కావాలి. టీ తరువాత మేము ఆ మూల బల్ల వద్ద కూర్చుంటాము.