పాని, ఏరు, నీరు: అరకు కొండల్లో పలుకుల ఆట

 

అరకు లోయ బడుల్లో మేము చిన్నపిల్లల చేత ఆడిస్తున్న ఆటల గురించి చెప్పమని కార్యవర్గం వారు కోరారు. ఆటలకు విరాళాలు దేనికని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

అక్కడ ఒకే చాప మీద కూర్చున్న ముగ్గురు పిల్లల ఇళ్లలో మూడు భాషలు ఉండవచ్చు: ఆదివాసీ ఒడియా, కొండ, కువి. పుస్తకంలో మాత్రం తెలుగు. ఒకటో తరగతి పాప "నీరు" అనే మాటను కూడబలుక్కుని చదివేస్తుంది. కానీ ఆ రెండక్షరాలూ కలిస్తే ఏమిటో ఆమెకు తెలియదు. ఆదివాసీ ఒడియాలో నీళ్లను "పాని" అంటారు, మన ఇళ్లలో ఉర్దూలో అన్నట్టే. కొండ భాషలో "ఏరు" అంటారు. మనకు ఏరంటే వాగు. వాళ్లకు కుండలోని నీళ్లు కూడా ఏరే.

అందుకే మా మొదటి ఆటకు పుస్తకం లేదు, పలక లేదు. చప్పట్లే. పా-ని, రెండు చప్పట్లు. ఏ-రు, రెండు. నీ-రు, రెండు. చివర ఒకేలా వినిపించేవి ఏవర్రా అంటే "రు! రు!" అని గది ఎగిరిపోయేలా అరుస్తారు. ఇక ఊళ్ల పేర్లు ఏ భాష పిల్లలకైనా తెలిసినవే. అరకుకు మూడు చప్పట్లు, డుంబ్రిగుడకు నాలుగు, అనంతగిరికి ఐదు. పాడేరు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ "రు" దొరుకుతుంది. చెవికి అంతగా పట్టుబడ్డాకే ఆ అక్షరం రాసి చూపిస్తాం. తర్వాత నేల మీద తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, గడికో అక్షరం రాస్తాం. అ, ర, కు అంటూ గెంతితే ఊరు వచ్చినట్టు.

గుణింతాల ఆట చూస్తే మీకు మక్తబ్ గుర్తుకొస్తుంది. బే జబర్ బ, బే జేర్ బి, బే పేష్ బు అని మనమంతా హిజ్జే చెప్పినవాళ్లమే కదా. అక్కడ ఒక పిల్లవాడు "క" పలక పట్టుకుని నిలబడతాడు. గుడి పట్టుకున్న అమ్మాయి వచ్చి చెయ్యి కలిపితే అందరూ "కి" అనాలి. కొమ్ము వస్తే "కు". తప్పు చెప్పినవాళ్లు తర్వాతి గుర్తు పట్టుకుంటారు, అంతే, శిక్షలేమీ లేవు.

పట్నంలో దొరికే ఇంగ్లీషు ఫోనిక్స్ కిట్లు పంపుతామని కొందరు దాతలన్నారు. మనసు మంచిదే. కానీ ఇంగ్లీషులో అక్షరం పేరు ఒకటి, పలుకు ఒకటి. ఆ చిక్కు విప్పడానికి పుట్టిన పద్ధతి అది. తెలుగు అక్షరానికి పేరూ పలుకూ ఒకటే. మన చిక్కంతా గుణింతాల్లో, ఒత్తుల్లో ఉంది.

ఇంటి మాటతో మొదలుపెట్టడం మేము కనిపెట్టింది కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ భాషకు రాసిన వ్యాకరణం 1969లో అచ్చయింది. 2004లో ప్రభుత్వమే సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది, తెలుగు లిపిలో. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన ఏర్పాట్లు చేయాలంటుంది. ఉర్దూ బడుల కోసం మనవాళ్లు చూపే అధికరణం అదే. కొండ మీది పిల్లలకూ అది వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మాకు ఉర్దూ, తెలుగు వచ్చు. "పాని" మాకు వెంటనే అందింది. "ఏరు" మాత్రం ఆ ఊరి అమ్మాయి చెబితేనే తెలిసింది. కొండ భాష, ఆదివాసీ ఒడియా రెండూ వచ్చిన ఆమె వల్లే ఆటలు నడుస్తున్నాయి. కువి పిల్లలకు అలాంటి మనిషి ఇంకా లేరు. పక్కవాళ్లను చూసి చప్పట్లు కొడతారు, నోరు మాత్రం విప్పరు. చప్పుడు సరిగ్గానే ఉంటుంది కాబట్టి బయటివాళ్లకు తేడా కనిపించదు.

కిట్లకు కేటాయించిన సొమ్మును కువి తెలిసిన ఒక సహాయకురాలి గౌరవ వేతనానికి మార్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాం. జూన్‌లో బడులు తెరుస్తారు. ఆలోగా మనిషిని వెతకాలి, ఆ భాషలోని మాటలు పోగుచేసుకోవాలి. పలకలు, సుద్దముక్కలు మా దగ్గర సరిపడా ఉన్నాయి.