వదిలేసిన గనులు - మన పశువులు

(విశాఖపట్నంలో జరిగిన పాల సంఘాల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



వెన్నశాతం, ఆడిట్ లోపాలు, బాకీలు - ఇవి నేను మాట్లాడవలసిన విషయాలు. ఈ రోజు కూడా ఒక బాకీతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట చీపురుపల్లి వైపు ఒక సంఘం తనిఖీకి వెళ్ళాను. ఒక సభ్యురాలి గేదె అప్పు మూడు వాయిదాలు మీరింది. "వసూలు చేయవలెను" అని ఎర్రసిరాతో రాశాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, "అప్పు ఉంది గానీ గేదె నేదు బాబూ. మాంగనీసు గోతిలోకి నీళ్ళకి దిగింది, మరి రానేదు" అంది. వెళ్ళి చూశాను. నిట్టనిలువు గట్టు, నిండా నీళ్ళు, చుట్టూ కంచె లేదు. తవ్వినవారు ఎప్పుడో వెళ్ళిపోయారు. నా రిజిస్టరులో ఆ గోతికి కాలమ్ లేదు.

మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో అప్పటి విశాఖపట్నం జిల్లాలోనే మొదలైంది. గర్భాం, కోడూరు, గరివిడి పేర్లు అలా వినబడ్డాయి. 1933లో మన హార్బరు తెరిచిన తరువాత ఓడలకెక్కిన సరుకుల్లో మాంగనీసు ముఖ్యమైనది. అది లేనిదే ఉక్కు తయారీ సాగదు. దేశానికి ఉక్కు కావాలి; కాదనడం లేదు. కాని ఖనిజం ఓడెక్కిపోయింది, గొయ్యి మాత్రం ఊరికి మిగిలింది.

ఆ గోతులతోను, మట్టిగుట్టలతోను వచ్చే నష్టం ఏమిటి? వానకు గుట్ట కరిగి చెరువుల్లో, పొలాల్లో మేట వేస్తుంది. ఎండకు ధూళి లేచి పచ్చగడ్డి మీద పడుతుంది. పశువు ఒంట్లోకి మాంగనీసు మరీ ఎక్కువగా పోతే ఇనుము సరిగా పట్టదు, నెత్తురు తగ్గుతుంది. పాలను గురించి మాత్రం కంగారు పడవద్దు. ఎక్కువైన మాంగనీసును ఆరోగ్యమైన పశువు చాలావరకు పిత్తంతో బయటికి పంపేస్తుంది. తాగే నీటి సంగతి వేరు. లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకనప్పుడు 0.3 వరకు ఒప్పుకోవచ్చుననీ భారత ప్రమాణం. పాల క్యాన్ల లోపల, బిందెల అడుగున నల్లని పొర కడుతూ ఉంటే అనుమానించి పరీక్ష చేయించండి. కాచినందువల్ల మాంగనీసు పోదు.

చట్టం మనకు అండగా ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ప్రతిష్ఠానాలు పెట్టారు. పాత లీజుదారులు రాయల్టీలో 30 శాతం, వేలంలో లీజు పొందినవారు 10 శాతం దానికి అదనంగా కట్టాలి. ఆ సొమ్ము గనుల ఊళ్ళ తాగునీటికి, ఆరోగ్యానికి, కాలుష్య నివారణకు ముందుగా ఖర్చు కావాలి. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఇంకొక మంచి మాట చెప్పింది: తవ్వకం ఆపిన లీజుదారు ఆ నేలలో తిరిగి గడ్డి పెంచి, పశుగ్రాసానికి పనికివచ్చేలా చేయాలనే షరతు లీజుల్లో చేర్చమంది. పాడిరైతుకు ఇంతకంటె దగ్గర మాట ఏముంటుంది?

అయితే అడగనిదే అమ్మయినా పెట్టదు. కనుక ప్రతి సంఘం ఈ పనులు చేయాలి:

ఒకటి, ఊరి చుట్టూ ఉన్న గోతుల జాబితా రాయండి - సర్వే నంబరు, లోతు, కంచె ఉన్నదీ లేనిదీ, పోయిన పశువులు.

రెండు, మహాసభలో తీర్మానించి, గ్రామసభలో కూడా పెట్టించి, కలెక్టరుకూ గనుల శాఖకూ పంపండి. నకలు, రసీదు ఫైలులో ఉంచండి.

మూడు, అడిగేది స్పష్టంగా అడగండి: కంచె, నిటారు గట్టును మెట్లుగా కోయడం, గుట్ట అడుగున రాతికట్టు, చుట్టూ కాలువ, నీరు తేరుకునే గుంట, గుట్టపైన చెరువుమట్టి, పెంట కలిపి గడ్డి, కానుగ, వేప మొక్కలు. ఆ గడ్డిని పరీక్ష చేయించకుండా మేపవద్దు.

నాలుగు, పశువు నీరసిస్తే గరివిడి పశువైద్య కళాశాలలో చూపించండి. చెవి బిళ్ళ, బీమా లేకుండా అప్పు గేదెను ఇంటికి తోలుకుపోవద్దు.

ఒక్క మనిషి అర్జీ బల్లమీద ఉండిపోవచ్చు. రెండు వందల మంది వేలిముద్రలూ సంతకాలూ ఉన్న తీర్మానాన్ని తోసివేయడం కష్టం. సహకారమంటే పాలు కలిపి పోయడం ఒక్కటే కాదు గదా!

ఆ సభ్యురాలు బాకీ తీర్చేసింది, కూలికి వెళ్ళి. ఆవిడకు ఊరు పడిన బాకీ మాత్రం తీరలేదు. నా తనిఖీ రిజిస్టరులో ఇప్పుడు చేత్తో గీసుకున్న ఒక కాలమ్ ఉంది: "గోతులు". ఈసారి మీ సంఘానికి వచ్చినప్పుడు ముందుగా దాన్నే అడుగుతాను.

సెలవు.